అమరావతిని కొలిచిన మెకంజీ

పదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతాన్ని మేము మార్కుల కోసం బట్టీ పట్టాము. దాని ఉపయోగం తెలిసింది మా ఇంటి స్థలం దగ్గర. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అని కొలిచి ఇచ్చారు. మూల వంకరగా ఉందని నాన్నకు అనుమానమే గానీ, చదువు లేదు కనుక నోరు విప్పలేకపోయారు. అందుకే ఈ సంచికలో, ఊళ్లూ దేశాలూ కొలిచిన కాలిన్ మెకంజీ గురించి రాస్తున్నాము.

మెకంజీ 1754లో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే ఊళ్లో పుట్టారు. అక్కడే సుంకాల శాఖలో ఉద్యోగం చేశారు. సంవర్గమానాలు కనిపెట్టిన జాన్ నేపియర్ చరిత్ర రాయబూనిన ఆ వంశస్థుని కోసం భారతీయ గణితంపై ఆసక్తి పెంచుకున్నారు. 1783లో మద్రాసు వచ్చి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరారు. ఆయన వెతికిన గణితం ఇక్కడ చాలా పాతది. యజ్ఞవేదికలు కొలవడానికి రాసిన ఆపస్తంబ శుల్బసూత్రంలోనే 3, 4, 5 కొలతలున్నాయి.

సర్వే అంటే భూమిని త్రిభుజాలుగా విడగొట్టడమే. ఒక భుజాన్ని జాగ్రత్తగా కొలిచి, కోణాలను థియోడలైటుతో చూస్తే మిగిలిన భుజాలు లెక్కలో వస్తాయి. 1799లో టిప్పు సుల్తాన్ మరణించాక మెకంజీ మైసూరు సర్వే చేపట్టి, ఏళ్ల తరబడి శ్రమించారు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు.

ఆయనకు మన భాషలు రావు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువారే శాసనాలు చదివి, ఊరూరి కైఫీయత్తులు సేకరించి ఇచ్చారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించారు. పేరు మాత్రం దొరదే ఎక్కువగా నిలిచింది.

18వ శతాబ్దం చివర, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్టణం కట్టిస్తుండగా, మెకంజీ దీపాలదిన్నె చూడటానికి వచ్చారు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వి ఉంది. తన మనుషుల చేత స్తూపం ప్లానునూ, శిల్పాలనూ గీయించారు. కొన్ని రాళ్లను తరలించినదీ ఆయనే. ఈనాడు అమరావతి శిల్పాలు చెన్నైలోనూ, లండన్‌లోనూ ఉన్నాయి. పోయిన వాటికి ఆ బొమ్మలే ఆధారం. మెకంజీ 1821 మే 8న కన్నుమూశారు. కలకత్తాలో సమాధి చేశారు.

ఆయన కొలతలు కంపెనీ పన్నుల కోసం కూడా. కొలిచేవాడి చేతిలో అధికారం ఉంటుంది. లెక్క తెలియనివాడు వాడు చెప్పిందే నమ్మాలి.

డిగ్రీలో ఉండగా మేము టేపు తీసుకుని మా స్థలం కర్ణం కొలిచాము. 30 వర్గం 900, 40 వర్గం 1600, కలిపితే 2500. కనుక కర్ణం 50 అడుగులు రావాలి. మాకు 48 వచ్చింది. దాని వర్గం 2304. అంటే మూల లంబకోణం కాదు, రెండడుగులకు పైగా లోపలికి జరిగింది. ఆ కాగితం చూపించి మళ్లీ కొలిపించాము. హద్దురాయి జరిగింది. నాన్న ఆ రాయి మీద చాలాసేపు కూర్చున్నారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ పెద్దవాళ్ల స్థలానికి ఒక్కసారి కర్ణం కొలిచి చూడండి. పెద్ద భుజం వర్గం, మిగతా రెండింటి వర్గాల మొత్తానికి సమానమైతేనే ఆ మూల సరైనది.