చలి అందరికీ ఒకటే

మా పెద్దమ్మ కూతురు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. మొన్న సెలవుల్లో అక్క సైకియాట్రిక్ నర్సింగ్ పుస్తకం టేబుల్ మీద కనిపిస్తే ఊరికే తిరగేశాను. చరిత్ర పాఠంలో ఒక పేరు దగ్గర ఆగిపోయాను: డొరొథియా డిక్స్. పుస్తకంలో ఆవిడకి ఇచ్చింది రెండు లైన్లే. తర్వాత ఆవిడ గురించి దొరికిందల్లా చదివాను. ఎందుకో చివర్లో చెప్తా.

1802లో అమెరికాలోని మెయిన్‌లో పుట్టింది. తండ్రి మత బోధకుడు, తాగుడు అలవాటు. పన్నెండేళ్ళకే ఇల్లు వదిలి బోస్టన్‌లో ఉన్న నాయనమ్మ దగ్గరికి చేరింది. పద్నాలుగేళ్ళకి చిన్న పిల్లలకు బడి నడిపింది. ఆ వయసులో మనం ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో ఉన్నాం.

1836 నాటికి ఒళ్ళూ మనసూ రెండూ దెబ్బతిని పడిపోయింది. మార్పు కోసం ఇంగ్లండ్ వెళ్తే, లివర్‌పూల్‌లో రాత్‌బోన్ అనే కుటుంబం ఏడాదికి పైగా తమ ఇంట్లో పెట్టుకుని చూసుకుంది. తను పడిపోయినప్పుడు ఎవరో పట్టుకున్నారు. నాకైతే ఆవిడ అసలు కథ ఇక్కడే మొదలైందనిపిస్తుంది.

1841 మార్చి. బోస్టన్ పక్కన ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైల్లో ఆడ ఖైదీలకు ఆదివారం పాఠం చెప్పడానికి వెళ్ళింది. అక్కడ ఏ నేరమూ చేయని మానసిక రోగులు కూడా ఉన్నారు. వాళ్ళ గదుల్లో చలి కాచుకోవడానికి ఏమీ లేదు. ఎందుకని అడిగితే, పిచ్చివాళ్ళకు చలి తెలియదని జవాబొచ్చింది. ఆవిడ నేరుగా కోర్టుకెళ్ళింది. ఆ గదులకి వేడి ఏర్పాటు చేయించింది.

అక్కడితో ఆగిపోతే మనకి ఆవిడ పేరు తెలిసేది కాదు. ఆ తర్వాత మాసచుసెట్స్ రాష్ట్రమంతా తిరిగింది. జైళ్ళు, పేదల శరణాలయాలు, ఊళ్ళలో కొట్టాలు. ఎవర్ని బోనులో పెట్టారో, ఎవర్ని గొలుసుతో కట్టారో, ఏ ఊళ్ళోనో, అన్నీ నోట్ చేసుకుంది. మన భాషలో చెప్పాలంటే డేటా కలెక్షన్. 1843లో ఆ నివేదిక శాసనసభకి వెళ్ళింది. ఆడవాళ్ళకి అప్పటికి ఓటు కూడా లేదు, అందుకే మిత్రుడు శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ ద్వారా పంపింది. అధికారులు గోల చేశారు. అయినా వూస్టర్‌లోని ఆసుపత్రిని పెంచడానికి సభ ఒప్పుకుంది. తర్వాత మిగతా రాష్ట్రాల్లోనూ అదే పద్ధతి: తిరగడం, రాయడం, అడగడం. 30కి పైగా ఆసుపత్రులు పుట్టడంలోనో పెరగడంలోనో ఆవిడ చెయ్యి ఉంది.

అన్నీ గెలిచిందనుకోకండి. మానసిక రోగుల కోసం కోటి ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమి కావాలని ఏళ్ళ తరబడి తిరిగింది. 1854లో రెండు సభలూ ఒప్పుకున్నాయి, ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ పియర్స్ వీటో చేశాడు. 1861లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఆర్మీ నర్సులకు పెద్దగా వేశారు. ముప్పై దాటని వాళ్ళు వద్దంది, నగలు వద్దంది. మన క్లాసులో ఒక్కరికీ సీటొచ్చేది కాదు! డాక్టర్లతో గొడవలే గొడవలు. ఆవిడ కట్టించిన ఆసుపత్రులు కూడా తర్వాత కిక్కిరిసిపోయాయి.

చివరి ఏళ్ళు తను పట్టుబట్టి సాధించిన ట్రెంటన్ ఆసుపత్రిలోనే ఒక గదిలో గడిపింది. ఆవిడ అక్కడ ఉండగానే, 1882లో, మాసచుసెట్స్‌లోని మెక్లీన్ ఆసుపత్రిలో మానసిక రోగుల్ని చూసుకునే నర్సులకు శిక్షణ మొదలైంది. ఇప్పుడు అక్క చదివే సబ్జెక్టుకి అది ఒక మొదలు. 1887లో ట్రెంటన్‌లోనే పోయింది.

ఇక నా సంగతి. పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్లో ఒకడు రెండు వారాలు రూమ్ దాటి బయటికి రాలేదు. వాడికి మేం మెంటల్ అని పేరు పెట్టాం. నేనూ నవ్వాను. మెస్‌కి ఎందుకు రావట్లేదని ఒక్కరం అడగలేదు, వాడికి ఆకలి వేయదన్నట్టు. తర్వాత వాడు ఇంటికెళ్ళిపోయాడు.

సైకియాట్రిక్ వార్డులో మొదట ఏం నేర్పుతారని అక్కని అడిగాను. పక్కన కూర్చుని వినడం అంది. అంతేనా అనుకున్నా. ఆ రాత్రి వాడికి ఫోన్ చేయడానికి నాకు గంట పట్టింది. రెండోసారి రింగయ్యాక ఎత్తాడు. తిన్నావా అని అడిగాను.