మార్లవాయి మరువని మనిషి: హైమన్‌డార్ఫ్

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే మానవశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1936–37లో అస్సాం కొండల్లో నాగాల మధ్య ఉండి పరిశోధన చేశారు. 1939లో మళ్లీ భారతదేశం వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ వారు ఆయనను హైదరాబాద్ సంస్థానంలోనే ఉండమన్నారు. ఆ నిర్బంధమే ఆయనను మన గూడేల దారి పట్టించింది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టి ఎలిజబెత్‌తో కలిసి నేటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. గోండి నేర్చుకున్నారు. కాగజ్‌నగర్‌లో పేపరు మిల్లు లేచిన కాలమది. రైలు, రోడ్డు వెంట వచ్చినవారి చేతికి భూములు పోతున్నాయి, అడవి మీద హక్కు పోతోంది. తిరుగుబాటుకు మూలం ఇదేనని ఆయన గుర్తించారు. సాగులో ఉన్న భూములకు పట్టాలు ఇప్పించే పని సాగింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. గిరిజన ప్రాంతాల రక్షణ చట్టమూ ఆ దశకంలోనే వచ్చింది.

నాగోబా జాతరలో దర్బారు కూడా ఆయన చొరవే. జాతర ఆయన తెచ్చింది కాదు, అది మెస్రం వంశీయుల అనాది ఆచారం. సిరికొండ కుమ్మరులు కుండలు చేస్తారు. మెస్రం వారు కాలినడకన వెళ్లి, జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగులో గోదావరి జలం ముంచుకుంటారు. పుష్య అమావాస్య నాడు ఆ నీటితోనే కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం. ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ వంశ చరిత్ర పాడుతారు. డోలు, పెప్రె మోగుతాయి. ఇంతమంది ఒక్కచోట చేరే రోజున అధికారులే ఇక్కడికి వచ్చి గోడు వినాలన్నది హైమన్‌డార్ఫ్ ఆలోచన. 1940లలో మొదలైన ఆ దర్బారు నేటికీ జరుగుతోంది.

దండారి, గుస్సాడి, ఓజాల ఇత్తడి పోత పని, ప్రధాన్‌ల కథలు అన్నీ ఆయన నోటుపుస్తకంలోకి, కెమెరాలోకి ఎక్కాయి. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన గ్రంథం వెలువడింది. తర్వాత లండన్‌లోని సోయాస్‌లో ఆచార్యుడయ్యారు. 1970లలో తిరిగి వచ్చినప్పుడు, ఇప్పించిన భూముల్లో చాలావరకు మళ్లీ చేజారడం చూశారు. ఆ బాధను దాచుకోకుండా 1982లో పుస్తకంగా రాశారు.

బెట్టి 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన 1995లో లండన్‌లో మరణించారు. మార్లవాయిలో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న ఊరంతా అక్కడ చేరి నివాళులర్పిస్తుంది. గుస్సాడికి పద్మశ్రీ తెచ్చిన కనక రాజు గారిదీ ఆ ఊరే.

యువతీ యువకులారా! పరాయి దేశస్థుడు మన భాష నేర్చి, మన పాట రాసిపెట్టాడు. ఆ పాట పాడే గొంతులు, కిక్రి పట్టే చేతులు మాత్రం మనవే కావాలి. ఈసారి జాతరకు వెళ్లినప్పుడు ఒక ప్రధాన్ పెద్దాయన పక్కన కూర్చోండి, మీ వంశం కథ అడగండి. ఇంట్లో ఉన్న పట్టా కాగితం ఎవరి పేరున ఉందో కూడా ఒకసారి తీసి చూడండి.