సగం రేడియోకి 95 ఏళ్లు

1930 డిసెంబరు ఆఖర్న, చైనాలోని జియాంగ్‌షీ కొండల్లో జరిగిన పోరులో కమ్యూనిస్టుల ఎర్రసైన్యానికి శత్రువుల వైర్‌లెస్ సెట్టు ఒకటి చిక్కింది. చేజిక్కించుకున్న సైనికులు అలాంటి పెట్టెను అంతకుముందు చూసి ఎరగరు. అదేమిటో తెలియక పగలగొట్టారు. కబురు పంపే భాగం ముక్కలైంది, కబురు అందుకునే భాగం మిగిలింది. చెవులున్నాయి, నోరు పోయింది.

ఆ సెట్టుతో పాటు పట్టుబడ్డ ఆపరేటరు వాంగ్ జెంగ్ ఎర్రసైన్యంలోనే ఉండిపోయాడు. 1931 మొదట్లో షియావోబు అనే పల్లెలో కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని చుక్కా గీతా దిద్దించాడు. ఆ పాఠాల్లోంచి సైనిక రేడియో బడి వచ్చింది. ఆ బడే ఇవాళ షియాన్ నగరంలోని షీడియాన్ విశ్వవిద్యాలయం. 2026తో దానికి 95 ఏళ్లు. చల్లగా నూరేళ్లూ దాటాలని మా దీవెన. పుట్టుక యుద్ధంలోనే, ఆ మాట దాచిపెట్టి పొగిడితే అది పొగడ్త కాదు.

ఎర్రసైన్యం సాగించిన సుదీర్ఘ యాత్ర లాంగ్ మార్చ్‌లో సైన్యం నడిస్తే బడీ వెంట నడిచింది. ఊళ్లు మారి, పేర్లు మారి, 1958లో జాంగ్‌జియాకోవ్ నుంచి షియాన్ చేరింది. 1966లో సైన్యం చేతినుంచి బయటపడింది, 1988లో ఇప్పటి పేరు స్థిరపడింది. షీడియాన్ అన్న పొట్టిపేరును విడదీస్తే ‘పడమటి కరెంటు’ అని వస్తుంది. భలే పేరు! మన ధాన్యకటకం చూసి వెళ్లిన హ్యుయాన్ త్సాంగ్ గుర్రాల మీద గ్రంథాలు వేసుకుని తిరిగి చేరుకున్నది కూడా ఈ షియాన్‌కే. అప్పట్లో దాన్ని చాంగాన్ అనేవారు.

లెనోవో స్థాపకుడు లియు చువాన్‌జీ ఇక్కడి విద్యార్థే. 2020లో చంద్రుడి మట్టిని 1,731 గ్రాములు తెచ్చిన చాంగె-5 వ్యోమనౌకకు సారథి యాంగ్ మెంగ్‌ఫేయ్ కూడా ఇక్కడే చదివాడు. అయితే నన్నడిగితే పెద్దపీట వేయాల్సింది ఇక్కడే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి, ఈ విద్యాలయానికే అధ్యక్షుడైన డువాన్ బావోయాన్‌కి.

చైనాలోని గ్విజౌ కొండల నడుమ 500 మీటర్ల వెడల్పున్న రేడియో దుర్భిణి ఉంది. ఆకాశం నుంచి వచ్చే తరంగాలను దాని పళ్లెం ఒకచోటికి చేరుస్తుంది. అక్కడ వాటిని పట్టుకునే గది గాలిలో వేలాడాలి, చుక్కల వెంట కదలాలి. పాత పద్ధతిలో కడితే వేల టన్నుల ఇనుము నెత్తిన పెట్టుకోవాల్సిందే. డువాన్ బృందం ఆ బరువును వదిలేసి, చుట్టూ ఆరు స్తంభాలు, ఆరు ఉక్కు తాళ్లు చాలన్నది. తాళ్లను కంప్యూటరు లాగుతుంది, వదులుతుంది. గాలికి ఊగినప్పుడు మిగిలే చిన్న తేడాను గదిలోపలి యంత్రం సర్దుకుంటుంది. గది బరువు 30 టన్నులకు దిగింది.

2016 నుంచి ఆ పళ్లెం రాత్రింబవళ్లు పల్సార్లనే చుక్కల టిక్కుటిక్కులు వింటోంది. దానికీ కబురు పంపే భాగం లేదు. వినడమే దాని పని.