కులపతి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

తరగతిలో నూరుమంది కూర్చున్నచోట విద్యార్థి హాజరుపట్టీలో ఒక సంఖ్యగా మారిపోవడం సులభం. ప్రత్తి, మిరప చేలనుండి వచ్చి తమ ఇంట తొలిసారిగా కళాశాల గడప తొక్కిన పిల్లవాడు నాలుగు రోజులు రాకపోతే అడిగేవారుండరు. పిమ్మట అతడు చదువే మానివేస్తాడు. తుళ్లూరు ప్రాంతపు అధ్యాపకులకు ఇది తెలియని సంగతి కాదు. 2017 నుండి ఇక్కడి నల్లరేగడి నేలమీదనే, ఐనవోలు, నీరుకొండలలో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. పెద్ద విద్యాలయంలో చిన్న కుటుంబాన్ని నిర్మించి చూపిన ఒక మహనీయుని చరిత్రను ఈ వేళ మా విద్యార్థుల ముందుంచదలచాము.

వెంకటరత్నం నాయుడుగారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో సుబేదారు. ఆయన ఉద్యోగరీత్యా బాల్యం ఉత్తరాదిన, హైదరాబాదులోను గడవడంవల్ల ఉర్దూ, పారశీక భాషలు నాయుడుగారికి చిన్ననాడే పట్టుబడ్డాయి. ఉర్దూ వారొక బల్ల, తెలుగు వారొక బల్ల అని విడివిడిగా కూర్చునే మన పిల్లలు దీనిని గమనింతురుగాక!

మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయనకు విలియం మిల్లరు దొర గురువుగా లభించారు. పాఠంతో గురుశిష్య సంబంధం ముగియరాదని తలచి, విద్యార్థులకు వసతిగృహాలు కల్పించిన ఆచార్యుడాయన. శిష్యుని హృదయంలో విత్తనం అక్కడనే పడిందని మా ఊహ.

మచిలీపట్నం నోబుల్ కళాశాలలో నాయుడుగారి చెంత చదివిన ముట్నూరి కృష్ణారావుగారు తన మిత్రులు కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్యగార్లతో కలసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. నాయుడుగారు 1899 నుండి సికిందరాబాదు మహబూబు కళాశాలకు అధ్యక్షులై, 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు.

ఆయన నిజమైన చరిత్ర ఇక్కడనే ఉన్నది. యౌవనంలోనే భార్యను కోల్పోయి, మరల వివాహమాడక, శ్వేతవస్త్రధారియై జీవించిన ఆయనకు విద్యార్థులే సంసారమైనారు. జీతంలో పెద్దభాగం పేద విద్యార్థులకే వ్యయమయ్యేది. బాలికలను బాలురతోపాటు కళాశాలలో చేర్చుకున్నారు. అంటరానివారని సంఘం వెలివేసిన పిల్లలకూ తలుపులు తెరిచారు. ఆ కులపు బాలికను ఒకరిని తన ఇంట పెంచుకున్నారు. పిఠాపురం మహారాజావారి అండతో అనాథ శరణాలయం వెలసింది. చేర్చుకోవడం ఒక ఉత్తరువుతో జరిగిపోతుంది. చేరినవాడు నిలవాలంటే తనను పేరుపెట్టి పిలిచే పెద్ద ఒకరుండాలి. నాయుడుగారు గ్రహించిన రహస్యమిదియే. బ్రహ్మసమాజ ప్రార్థనలకు వచ్చే యువకులు తరగతిగదిలో అడుగలేని ప్రశ్నలను అక్కడ అడుగగలిగేవారు.

ఈ గోష్ఠికి ఒక లోపమూ లేకపోలేదు. నాయుడుగారి నైతిక నియమాలు మిక్కిలి కఠినమైనవి. అందరూ భరించగలిగినవి కావు. భోగంమేళాలను నిరసించిన ఆయన ఉద్యమం ఆ స్త్రీల జీవిక గురించి తగినంత ఆలోచించలేదని మేము భావిస్తాము. రచయిత చలం ఆయన ప్రభావానికి లోనై, ఆపై పూర్తిగా వేరుదారి పట్టారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు భక్తితో నిలిచారు. ఇద్దరినీ తాకిన గురువు ఒక్కరే. అయితే అంతయు ఒక వ్యక్తిపైననే ఆధారపడి ఉండెను. 1919లో ఆయన పదవి విరమించినప్పుడు ఆ ఆదరణను నియమావళిగా వ్రాసి అప్పగించడం సాధ్యమా?

వేలమంది శిష్యులకు అన్నం పెట్టి చదువు చెప్పిన ఋషిని పూర్వులు కులపతి అన్నారు. ప్రజలు నాయుడుగారిని ఆ పేరనే పిలిచారు. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను ఉపకులపతిగా చేసుకున్నది. మూడేండ్లు ఆ పదవి నిర్వహించి, 1939 మే 26న ఆయన కన్నుమూశారు.