సొంత కారు లేని కార్ల శిల్పి

2022వ సంవత్సరము మే 5వ తేదీన జర్మనీ దేశమందలి స్టుట్‌గార్ట్ నగరమున, మెర్సిడెస్ బెంజ్ కంపెనీవారి మ్యూజియములో ఒక పాత కారు వేలమునకు వచ్చెను. దాని వయస్సు అప్పటికి అరువదియేడేండ్లు. ఆహ్వానము పొందిన కొలదిమందికి తప్ప ఇతరులకు ఆ పాటలో ప్రవేశము లేదు. పాట ముగియునప్పటికి ఆ కారు వెల 13 కోట్ల 50 లక్షల యూరోలయ్యెను. నాటి మారకపు లెక్కన మన రూపాయలలో సుమారు 1,100 కోట్లు. అంతకుముందు వేలములో అత్యధికముగా పలికినది 1962 నాటి ఫెరారీ కారొకటి. 2018లో దానికి 4 కోట్ల 84 లక్షల డాలర్లు వచ్చినవి. ఈ కారునకు వచ్చినది దానికి దాదాపు మూడు రెట్లు.

ఈ వార్త వెలువడిన దినములలో మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు పత్రికలోని ఆ కారు బొమ్మను కత్తిరించి తెచ్చి, ఇంత ధర దీనికెట్లు వచ్చెనని మమ్మడిగెను. వాని తండ్రి ఇచ్చటి కంపెనీల ఉద్యోగులను రాత్రివేళ ఇండ్లకు చేర్చు కారు నడుపువాడు. మెర్సిడెస్ పేరు వైట్‌ఫీల్డు పిల్లలకు కొత్తది కాదు. ఆ కంపెనీవారు 1996లో బెంగళూరున స్థాపించిన పరిశోధనాలయము మన ప్రాంతముననే యున్నది; వేలకొలది ఇంజనీర్లు అందులో పనిచేయుచున్నారు. అయినను వాని ప్రశ్నకు ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. పిమ్మట చదివి తెలిసికొన్నది ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆ కారునకు ఊలెన్‌హౌట్ కూపే అని పేరు. కారునకు కంపెనీ పేరో, అంకెలో, మృగముల పేరో వచ్చుట కద్దు గాని, జీతము పుచ్చుకొని పనిచేసిన ఇంజనీరు పేరు వచ్చుట అరుదు. రూడోల్ఫ్ ఊలెన్‌హౌట్ 1906వ సంవత్సరము జూలై 15వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి జర్మను; లండనులో జర్మను బ్యాంకులో అధికారి. తల్లి ఆంగ్లేయురాలు. కావున ఆ బాలునకు రెండు భాషలును పుట్టుకతో వచ్చినవే. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, పుస్తకములలో ఇంగ్లీషు వినుచు పెరుగు మా పిల్లలకిది వింతగా తోచదు. పెద్దవాడైన పిమ్మట ఈ రెండు భాషలు ఆయనకెంతో అక్కరకు వచ్చినవి. జర్మను జట్టులో చేరిన రిచర్డ్ సీమన్, స్టర్లింగ్ మాస్ అను ఆంగ్ల చోదకులు కారులోని లోపమును తమ మాటలలో చెప్పుకొనగా, దానిని సూటిగా గ్రహింపగల ఇంజనీరు వారికి దొరికెను.

మ్యూనిక్ నగరమున ఇంజనీరింగు చదివి, 1931లో ఆయన డైమ్లర్ బెంజ్ కంపెనీలో చేరెను. మొదట చేసినది ఊళ్లలో తిరుగు మామూలు కార్ల కార్బురేటర్ల పని. 1936లో ఆ కంపెనీ పందెపు కార్లు వరుసగా ఓడిపోవుచుండెను. అంతట యాజమాన్యమువారు పందెముల శాఖను కొత్తగా ఏర్పరచి, దాని సాంకేతిక భారమును ముప్పది యేండ్ల ఈ యువకునకు అప్పగించిరి.

ఆయన అప్పుడు చేసిన పనిని కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. పందెపు కారును ఆయన అంతకుముందు నడిపినవాడు కాడు. అట్టివాడు రెండు కార్లను నూర్బుర్గ్‌రింగ్ అను కొండదారి పందెపు బాటకు తీసికొనిపోయి, చోదకులెవ్వరును లేనివేళ తానే దినములకొలది నడిపెను. ఆ కాలమున వేగముగా పోవు కారునకు స్ప్రింగులు బిగువుగా నుండవలెనని అందరి నమ్మకము. స్ప్రింగు బిగువైనచో గుంట వచ్చినప్పుడు చక్రము ఎగిరిపడును. ఎగిరిన చక్రము నేలను విడుచును. నేలను విడిచిన చక్రమునకు ఇంజను బలమెంత యిచ్చినను వ్యర్థమే. ఊలెన్‌హౌట్ తన శరీరమునకు తగిలిన కుదుపులను బట్టియే దీనిని కనిపెట్టెను. స్ప్రింగులను మెత్తగా చేసి, వాని ఊగులాటను అణచు షాక్ అబ్జార్బర్లను గట్టిగా చేయించెను. 1937లో వెలువడిన డబ్ల్యు 125 అను కారు ఈ ఆలోచన ఫలమే. దాని బలము సుమారు 600 అశ్వశక్తులు. ఆ యేట కరచ్చియోలా దానిని నడిపి ఐరోపా విజేత అయ్యెను. బల్లయొద్ద కూర్చుండి గీతలు గీయుటతో తృప్తిపడక, తాను నడిపి చూచిన తరువాతనే మార్చు అలవాటును ఆయన కడవరకు విడువలేదు.

ఇచ్చట ఒక సంగతి దాచుట న్యాయము కాదు. ఆ పందెములకు హిట్లరు ప్రభుత్వము ధనమిచ్చి, గెలుపులను తన ఘనతగా లోకమున చాటుకొనెను. యుద్ధకాలమున ఆ కంపెనీ కర్మాగారములలో బలవంతముగా తెచ్చిన వేలాదిమందిచేత వెట్టిచాకిరి చేయించిరి. వెండిరంగు కార్ల అందమును పొగడు పుస్తకములు కొన్ని ఈ భాగమును త్వరగా దాటిపోవును.

యుద్ధానంతరము కంపెనీయొద్ద పందెములకు వెచ్చించుటకు ధనము లేదు. కొత్త ఇంజను లేదు. ఉన్నది పెద్దమనుష్యులు ఎక్కి తిరుగు బరువైన కారు ఇంజను మాత్రమే. బలము పెంచుటకు వీలులేనప్పుడు బరువు తగ్గింపవలెనని ఊలెన్‌హౌట్ నిశ్చయించెను. సన్నని ఉక్కు గొట్టములను త్రికోణములుగా అతికి చట్రము కట్టించెను. గట్టిదనమునకు గొట్టములు పక్కలయందు ఎత్తుగా రావలసివచ్చెను. తలుపులు మామూలుగా తెరచుటకు చోటు లేకపోయెను. కావున తలుపులను పైకప్పునకు బంధించి, పక్షి రెక్కలవలె పైకి లేచునట్లు చేసిరి. లోకమంతయు అందమని మెచ్చిన ఆ రెక్కలు అవసరమునుండి పుట్టినవే. ఆ 300 ఎస్.ఎల్. కారు 1952లో ఫ్రాన్సులోని ల మాన్ పందెమును గెలిచెను. ఆ యేటనే మెక్సికో పందెములో రాబందు ఒకటి ముందరి అద్దమును పగులగొట్టి లోపల పడినను గెలుపు దానిదే. పిదప ఆ రెక్కల కారును 1954 నుండి 1957 వరకు 1,400 మాత్రము చేసి అమ్మిరి.

1954, 1955 సంవత్సరములలో అర్జెంటీనా వీరుడు ఫాంజియో మెర్సిడెస్ కార్లపై ప్రపంచ విజేతగా నిలిచెను. ఒకనాడు ఫాంజియో కారు సరిగా లేదని చెప్పగా, భోజనము ముగించి వచ్చిన ఊలెన్‌హౌట్ కోటు, టైలతోనే కారెక్కి, నూర్బుర్గ్‌రింగ్ చుట్టును ఆయనకంటె మూడు సెకండ్లు త్వరగా తిరిగి వచ్చెనని చెప్పుదురు. కథలో కొంత అతిశయోక్తి యుండవచ్చును గాని, నడుపుటలో ఆయన నేర్పును గొప్ప చోదకులే ఒప్పుకొనిరి. అయినను కంపెనీవారు ఆయనను ఏ పందెములోను దిగనీయలేదు. అట్టివాడు ప్రమాదములో పోయినచో మరియొకడు దొరకడని వారి భయము.

1955 మే మాసమున ఇటలీలోని వేయి మైళ్ల పందెములో ఊలెన్‌హౌట్ రూపొందించిన 300 ఎస్.ఎల్.ఆర్. కారును స్టర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషముల 48 సెకండ్లలో గమ్యమునకు చేర్చెను. పక్కన కూర్చున్న జెంకిన్‌సన్ దారిలోని మలుపులన్నియు వ్రాసికొన్న పదునెనిమిది అడుగుల కాగితపు చుట్టను విప్పుచు, ఇంజను రొదలో మాట వినబడదు గనుక చేసన్నలతో దారి చెప్పెను. ఆ కారుపై ఇక కప్పు వేసి, మెక్సికోవంటి దూరపు పందెములకు పనికివచ్చునట్లు రెండు కూపేలను చేయుటకు పూనుకొనిరి.

జూన్ 11వ తేదీన ల మాన్ పందెములో అదే జట్టు కారొకటి మరియొక కారును తాకి గాలిలోనికి లేచి, ముక్కలై జనముపై పడెను. చోదకుడు లెవేతోపాటు ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. పందెముల చరిత్రలో అంతటి ఘోరము మరి లేదు. ఆ రాత్రియే మెర్సిడెస్‌వారు మిగిలిన తమ కార్లను పందెమునుండి ఉపసంహరించుకొనిరి. మెక్సికో పందెము రద్దయ్యెను. ఆ సంవత్సరాంతమున కంపెనీ పందెములనుండియే విరమించుకొనెను. ఫార్ములా వన్‌లోనికి సొంత జట్టుతో మరల వచ్చినది 2010లో.

ఆ రెండు కూపేలు ఏ పందెములోను పరుగెత్తలేదు. గంటకు 290 కిలోమీటర్లు పోగలిగిన ఆ బండ్లలో ఒకదానికి పెద్ద సైలెన్సరు తగిలించి, ఊలెన్‌హౌట్ కంపెనీ పనులకు తిరుగుటకు ఉపయోగించుకొనెను. పైలమున ఎంత సైలెన్సరు పెట్టినను దాని రొద భరింపరానిదట. తరువాతి వయస్సులో ఆయన చెవులు మందగించుటకు జీవితమంతయు విన్న ఇంజనుల మోతయే కారణమని చెప్పుదురు. 1972లో ఉద్యోగము విరమించి, 1989 మే 8వ తేదీన ఆయన కాలధర్మము చెందెను. తన జీవితమున ఆయన ఒక కారునైనను సొంతముగా కొనలేదట. నడిపినవన్నియు కంపెనీ కార్లే.

ఇక మా బాలుని ప్రశ్న. కారనునది కొన్ననాటినుండి వెల తగ్గు వస్తువు. ఇరువది యేండ్లకు పాతయినుము బేరమునకు వచ్చును. ఏ కొన్నియో దానిని దాటి నిలిచి, మరల ధర పెరుగును. అవి కొలదిగా మాత్రమే తయారై యుండవలెను. చట్రము, ఇంజను మొదట పుట్టినవే యై, అంకెలు సరిపోవలెను. వానిని ఎవరు నడిపిరో, ఎచ్చట గెలిచిరో కాగితములు చెప్పవలెను. వీటితోపాటు, బాల్యమున ఆ కార్ల బొమ్మలు గోడపై అంటించుకొన్న పిల్లలు పెద్దవారై ధనవంతులు కావలెను. అమెరికాలో కొత్తగా ఏడు వేల డాలర్లకు లోపున అమ్ముడుపోయిన రెక్కల కారు నేడు పది లక్షల డాలర్లకు పైమాట. వానిలో అల్యూమినియము ఒడలు గలవి 29 మాత్రమే. 2022 జనవరిలో అట్టిదొకటి 68 లక్షల డాలర్లకు పోయెను. ఇక మన కూపేలు రెండే. ఒకటి నేటికిని కంపెనీ సొత్తు.

వైట్‌ఫీల్డున ఎకరము పొలము కొద్దిపాటి వెలకు అమ్ముకొని, ఇప్పుడు దానిపై లేచిన అద్దాల మేడలను చూచువారు మా పిల్లల పెద్దలలో లేకపోలేదు. వెలలు పెరుగుట వారికొకరు చెప్పవలసిన పని లేదు. కాని కార్ల వెలలు పెరుగుటయే గాని తరుగుట లేదనుకొనరాదు. 1980ల చివర ఈ పాత కార్ల ధరలు ఆకాశమునంటి, 1990 తరువాత కూలిపోయినవి. అప్పుచేసి కొన్నవారు చాల నష్టపోయిరి.

1,100 కోట్లు ఎవరి పెట్టెలో పడినవో చెప్పవలసియున్నది. కారును కొన్నవారి పేరు వెల్లడి కాలేదు. అమ్మిన కంపెనీవారు ఆ ధనముతో యువజనులకొక నిధి నేర్పరచిరి. 16 మొదలు 28 సంవత్సరముల వయస్సుగల వారు తమ ఊరి నీరు, గాలి, నేల బాగుపడుటకు ఏదైన పథకము తలపెట్టినచో, ఆ నిధి శిక్షణయు సహాయమును ఇచ్చుచున్నది. 2023లో మొదలైన ఈ ఏర్పాటులో మన దేశపు యువతీయువకులును చేరియున్నారు.

బొమ్మ తెచ్చిన బాలుడిప్పుడు పాలిటెక్నిక్కులో మెకానికల్ డిప్లొమా చదువుచున్నాడు. మొన్న ఆదివారము మా యింటికి వచ్చి, వర్తూరు చెరువు నురుగును గూర్చి తాను చేయదలచిన పనిని ఆ నిధివారికి పంపవలెనని చెప్పెను. దరఖాస్తు ఇంగ్లీషులో పంపవలెనని వాని బెంగ. మొదట తెలుగులో వ్రాసికొని రమ్మంటిమి. రెండు పుటలు వ్రాసి తెచ్చినాడు. చెరువులోనికి ఏ కాలువ ఎచ్చట కలియునో గీసిన పటము మాత్రము చాల చక్కగా నున్నది. దానిని ఇంగ్లీషు మాస్టరుగారికి చూపబోవుచున్నాము.