కచేరీ కాయితం, తెలుగు మాట: సురవరం ప్రతాపరెడ్డి

నిజాం రాజ్యంలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతు కచేరీకి పోతే అక్కడి కాయితం ఉర్దూలో ఉండేది. అందులో ఏం రాసిందో చెప్పడానికి వకీలో, అధికారో కావాలె. చెప్పినవాడు నిజమే చెప్పాడని నమ్మకం ఏమిటి? తప్పు ఉర్దూది కాదు. అది కూడా ఎందరో పేదల నోటి మాటే. రైతు భాషను కచేరీ గడప తొక్కనీయని పాలనదే తప్పు.

ఆ పాలనలో తెలుగు కోసం నిలబడినవారిలో ముఖ్యులు సురవరం ప్రతాపరెడ్డి. 1896లో పాలమూరు ప్రాంతంలోని బోరవెల్లిలో పుట్టారు. మద్రాసులో చదివి వకీలయ్యారు. 1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టారు. వెట్టిచాకిరీ గురించి, పల్లెల కష్టాల గురించి అందులో రాశారు.

తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, ఊరూరి నుంచి 354 మంది కవులను వెతికి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. జవాబంటే అట్లుండాలె!

1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. సభల్లో తెలుగులోనే మాట్లాడాలని తీర్మానం చేయించారు. ఆ మహాసభ 1935లో మన సిరిసిల్లకూ వచ్చింది. తర్వాత అదే పల్లెల్లో 'సంఘం' అయి, దున్నేవానికే భూమి అంటూ దొరల గడీల మీద తిరగబడింది. ప్రతాపరెడ్డి ఆ దారిన నడవలేదు. కాంగ్రెసు తరఫున 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఆ తేడా దాచనక్కర లేదు. అయితే సభలో తన భాషలో నోరు విప్పడం నేర్చిన రైతే రేపు భూమి అడుగుతాడు. ఆ నోరు విప్పించిన పనిలో ఆయన పాలు ఉన్నది.

1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల యుద్ధాల లెక్క కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ వృత్తులతో బతికారు అన్నది అందులో ఉంది. 1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూశారు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో అదే మొదటిది.

ఇవాళ కచేరీలో తెలుగుంది. కాని ఇంట్లో గోండి మాట్లాడే ఆదిలాబాద్ రైతుకు పోడు పట్టా కాయితం ఎంత అర్థమవుతుంది? చదువురాని కూలీకి కచేరీ తెలుగు మాత్రం ఏం తెలుస్తుంది? వేలిముద్ర వేసే ముందు ప్రతి కాయితాన్నీ వాళ్ల మాటలో చదివి వినిపించడం సంఘాల పని. ఆ పని ఇంకా మిగిలే ఉంది.