ఇసుకమీద కట్టిన బుద్ధిమంతుడు

బండమీద ఇల్లు కట్టినవాడు బుద్ధిమంతుడనీ, ఇసుకమీద కట్టినవాడు బుద్ధిహీనుడనీ మన ప్రభువు చెప్పిన ఉపమానం సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయితే కోనసీమలో మనం తినే అన్నం చాలాకాలంపాటు ఇసుకమీద కట్టిన ఒక గోడ పెట్టిన భిక్షే. ఆ గోడ కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఆ ఉపమానం ఎరుగనివాడేమీ కాదు. యౌవనంలోనే ప్రభువుకు హృదయాన్నిచ్చిన భక్తిపరుడు. మరి ఇసుకమీద కట్టే ధైర్యం ఆయనకెక్కడిది?

1803 మే 15న ఇంగ్లండులో పుట్టిన కాటన్, 1821లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడిగా మద్రాసులో దిగాడు. కొన్నేళ్లకు కావేరీ నది పనులు ఆయన చేతికొచ్చాయి. తమిళదేశంలో చోళరాజులు కట్టించిన కల్లణై అనే పురాతన ఆనకట్ట ఉంది. ఎంత తవ్వినా రాయి తగలని ఇసుకలో, శతాబ్దాల వరదలకు చెక్కుచెదరకుండా నిలిచిన కట్టడమది. పాలించడానికి వచ్చిన జాతికి చెందిన యువ అధికారి దాన్ని చూసి చిన్నచూపు చూడలేదు, శిష్యుడిలా నేర్చుకున్నాడు. ఇసుకలో పెద్దరాళ్లు వేస్తే అవి దిగగలిగినంత దిగి, ఆపైన కదలకుండా కుదురుకుంటాయన్న రహస్యం పేరు కూడా తెలియని ఆ పాతకాలపు మేస్త్రీలదే. ఆ మాట కాటన్ దాచుకోలేదు, రాతపూర్వకంగానే ఒప్పుకున్నాడు. చదువుకున్నవాడికి ఇది ఎంత కష్టమో మనకు తెలుసు!

ఆ రోజుల్లో గోదావరి సీమ బ్రతుకు దయనీయం. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ప్రజలను పీల్చి పిప్పిచేశాయి. 1821లో సుమారు 7,38,000 మంది ఉన్న రాజమహేంద్రవరం జిల్లాలో 1841 నాటికి 5,61,000 మందే మిగిలారు. కళ్లముందే నది సముద్రంలోకి పోతోంది, ఒడ్డున మనుషులు ఆకలితో చస్తున్నారు. ఆనకట్ట కడితే శిస్తు పెరుగుతుందని కంపెనీ లెక్క వేసుకున్నమాట నిజమే. కాటన్ మనసును కలచింది మాత్రం ఆకలే.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. కాటన్ అడిగినంతమంది ఇంజనీర్లను కంపెనీ ఇవ్వలేదు. అది మన మంచికే జరిగిందని మేమనుకుంటాం. దొరలు కావలసినంతమంది వచ్చి ఉంటే వీణం వీరన్న పేరు ఈనాడు ఎవరికి తెలిసేది? కాటన్ కన్నా వయసులో పెద్దవాడైన వీరన్న క్రైస్తవుడు కాదు, ఈ నేల మనిషి. వేలమంది కూలీలను సమకూర్చి, వారిచేత పని చేయించే భారాన్ని కాటన్ ఆయన భుజాలమీద ధైర్యంగా పెట్టాడు. ఇసుకలో నూతులు దింపి పునాది వేయడం మన పల్లెల్లో పాత విద్యే. దానికి కొత్తవిద్య తోడైంది. బొంబాయి-ఠాణా రైలు 1853లో నడవకముందే ధవళేశ్వరంలో కొండరాళ్లు మోయడానికి పట్టాలు పరిచారు. రైలు అనే మాట కూడా వినని మన కూలీలు, మేస్త్రీలు ఆ పట్టాలమీద రాళ్లు తోలుతూ నది దగ్గరకు చేర్చారు.

అసలు పరీక్ష 1848లో వచ్చింది. ఎండదెబ్బకు కాటన్ ఆరోగ్యం కూలిపోయి, సెలవుమీద ఆస్ట్రేలియాకు వెళ్లవలసి వచ్చింది. కెప్టెన్ ఓర్ బాధ్యత తీసుకున్నాడు, వీరన్న ఉండనే ఉన్నాడు. పని ఆగలేదు. 1850లో కాటన్ తిరిగొచ్చాడు, 1852లో ఆనకట్ట పూర్తయింది. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం చదివితే యెరూషలేము గోడ కట్టినవారిలో కంసాలులు, వర్తకులు, ఒక అధిపతి కుమార్తెలు కూడా కనబడతారు, కొందరు తమ ఇంటికెదురుగా ఉన్న గోడను తామే కట్టుకున్నారు. ధవళేశ్వరంలో రాళ్లు మోసినవారి జాబితా మాత్రం మనకు మిగల్లేదు. ఎండకు కాటన్ మంచానపడ్డాడంటే ఆ కూలీలు ఏమైపోయి ఉంటారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆపైన బొబ్బర్లంక నుంచి, లొల్ల లాకుల మీదుగా నీళ్లు కొత్తపేట, అమలాపురం పొలాలకు పారాయి. రాజోలు వైపు వెళ్లాలంటే వైనతేయ అడ్డం. గన్నవరం దగ్గర 49 తోరణాల అక్విడక్టు కట్టి నదిమీదుగా కాలువనే నడిపించారు. ఆ పని చేయించిన హేగ్ కూడా విశ్వాసే. సుమారు రెండు లక్షల ఎకరాల మధ్య డెల్టా అలా పచ్చబడింది.

కాటన్ మనవాడని చెప్పుకోవడం మన సంఘాలకు ఎంతో ఇష్టం. పుష్కరాలలో పొరుగువారు ఆయన పేరు తలచి అర్ఘ్యమిస్తే మనకు లోలోపల గర్వం. కానీ ఆయనలా పనిముట్టునూ నమ్మకాన్నీ స్థానికుల చేతిలో పెట్టడం మనకు వచ్చిందా? మందిరంలో కంప్యూటరు కొంటాం, దాన్ని నడపగల కుర్రవాడికి తాళంచెవి ఇవ్వం. సేవకురాలైన నర్సమ్మకు ఊరి రోగాలన్నీ తెలుసు, కమిటీలో ఆమెకు కుర్చీ ఉండదు. పొలాల విషయమూ అంతే. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు ధర లేక, మురుగునీరు పోయే దారి లేక ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించి నాట్లు మానేశారు. ఏ డ్రెయిను ఎక్కడ పూడిందో చెప్పగల రైతులు ఊరూరా ఉన్నారు. నేడు డ్రోన్లతో మందులు చల్లుతున్నారు, సెల్‌ఫోన్లో వాన కబురు వస్తోంది. ఆ రైతును కూర్చోబెట్టి అడిగేవారేరీ?

పదవీ విరమణ తర్వాత కూడా కాటన్ నీళ్ల గురించి పోరుతూనే ఉన్నాడు. రైళ్లకన్నా కాలువలే మేలని వాదించి, 1878లో పార్లమెంటు కమిటీముందు విచారణ ఎదుర్కొన్నాడు. సువార్తికురాలైన కుమార్తె లేడీ హోప్ ఆయన జీవితచరిత్ర రాసి 1900లో ప్రచురించింది. వీరన్న 1867లోనే కన్నుమూశాడు. కాటన్ 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో, డార్కింగ్‌లో ప్రభువునందు నిద్రించాడు. నేలను లోతుగా తవ్వితే గోధుమ ఇంకెంత పండుతుందోనని ముసలితనంలో కూడా తన తోటలో పరీక్షలు చేస్తూనే ఉండేవాడట.